పొద్దుతిరుగుడులో తాలు పోయి గింజ నిండాలంటే

మొదటిసారి వేసిన ఏడాది మా పెరట్లో పొద్దుతిరుగుడు పూలు ఒక్కోటి భోజనం పళ్లెమంత విచ్చుకున్నాయి. దారిన పోయేవాళ్లు ఆగి మరీ ఫొటోలు తీసుకున్నారు. నాకు కాళ్లు భూమ్మీద ఆనలేదు. కోసి, ఎండబెట్టి, కర్రతో కొడితే గంపెడు గింజ రాలింది. మా అత్తగారు ఒక గింజ తీసి పంటికింద పెట్టి కొరికారు. ఇంకోటి కొరికారు. మూడోది కొరికి ఉమ్మేసి, "అమ్మాయ్, లోపల ఏమీ లేదే! అన్నీ తాలే" అన్నారు. చెరిగి చూస్తే గంపెడులో మిగిలింది నాలుగు గుప్పిళ్లు. పువ్వు అంచున మూడు నాలుగు వరసలు మాత్రమే పట్టాయి, నడిమధ్యంతా ఉత్త పొట్టు.

ఆ తర్వాత ఆరుసార్లు వేశాను. ఎక్కడ పోయిందో అప్పుడు తెలియలేదు కానీ ఇప్పుడు తెలుసు. ఈ పంట విత్తేటప్పుడు పెద్దగా ఏడిపించదు. మన శ్రద్ధంతా కావాల్సింది పువ్వు విచ్చుకునే పది రోజుల్లో, మళ్లీ కోత ముందు రెండు వారాల్లో. అందుకే ఆ రెండు చోట్లా తీరిగ్గా చెబుతాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

గింజ ఎంచుకోవడం

మనం గింజ అనేది నిజానికి కాయ. పైన ఉన్నది కాయ తొడుగు, లోపలి పప్పు అసలు విత్తనం. నూనెకు పనికొచ్చే రకాల గింజ చిన్నగా, నల్లగా ఉంటుంది. తొడుగు పల్చన, నూనె 40 శాతం దాకా, మంచి హైబ్రిడ్లలో ఇంకా పైన. తినడానికి వేసే రకాలు పెద్దగా, నలుపు తెలుపు చారలతో ఉంటాయి. తొడుగు మందం, పప్పు పెద్దది, నూనె తక్కువ. రెండూ కలిపి వేసి రెండు పనులకూ వాడుకుందామనుకుంటే ఏ పనికీ సరిగ్గా కుదరదు. నల్ల గింజ పొట్టు తీయడానికి గోళ్లు అరిగిపోతాయి, చారల గింజ ఆడిస్తే నూనె సరిపడా దిగదు.

పూలగుత్తుల కోసం అమ్మే రకాల జోలికి పోకండి. వాటిలో చాలావాటికి పుప్పొడే ఉండదు. బట్టలకూ బల్లలకూ పసుపు అంటకూడదని అలా తయారుచేశారు. చూడముచ్చటగా ఉంటాయి, తమంతట తాము గింజ పట్టవు.

నా మొదటి ఏడాది తప్పు కూడా ఇక్కడే మొదలైంది. ఎవరో ఇచ్చిన పాత పొడుగు రకం, పన్నెండు మొక్కలు, గోడ వెంట ఒకే వరసలో వేశాను. పాత రకాల్లో చాలావాటికి తమ పుప్పొడి తమకే పనికిరాదు, పక్క మొక్కది రావాలి. తేనెటీగలు అంతంతమాత్రంగా తిరిగే చోట ఒంటి వరసలో వేస్తే పుప్పొడి ఎలా మారుతుంది? నాలుగైదు సాళ్లు పక్కపక్కన ఉండేలా, గుంపుగా వేయాలి. ఇప్పటి హైబ్రిడ్లు చాలావరకు తమ పుప్పొడితోనూ గింజ పట్టగలవు కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అవే నయం. ఈ హైబ్రిడ్ల పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1969లో ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే శాస్త్రవేత్త ఒక అడవి పొద్దుతిరుగుడుతో సంకరం చేసి, పుప్పొడి రాని మొక్కలను సాధించాడు. దాంతో తల్లి మొక్క పూలలో పుప్పొడిని చేత్తో తీసేయాల్సిన పని లేకుండా హైబ్రిడ్ విత్తనం తయారుచేయడం కుదిరింది. అయితే హైబ్రిడ్ పంటలోంచి గింజ దాచి మళ్లీ వేస్తే మొక్కలు పొట్టీ పొడుగూ కలిసి, పూత ముందూ వెనకా అయి గందరగోళమే. గింజ దాచుకోవాలనుకునేవాళ్లు సూటి రకాలే, అంటే హైబ్రిడ్ కానివే వేసుకోవాలి.

రెండు జాగ్రత్తలు. కొన్న విత్తనానికి ఎర్రటి, పచ్చటి, నీలిరంగు పూత ఉంటే అది మందు పట్టించింది. విత్తడానికే తప్ప తినడానికీ మొలకలకూ వాడకూడదు, మిగిలింది పిల్లలకు అందకుండా పెట్టాలి. రెండోది, అప్పుడే కోసిన గింజ వెంటనే మొలవదు. నెలన్నర దాకా నిద్రావస్థలో ఉంటుంది. ఒకసారి కోసిన వారానికే వేసి, విత్తనం చచ్చిందనుకుని పారేశాను. రెండు నెలలు ఆగి ఉంటే శుభ్రంగా మొలిచేది.

విత్తడం

నీళ్లు నిలవని నేల ఏదైనా సరే, లోతుగా వదులుగా ఉండాలి. తల్లివేరు దారి దొరికితే మనిషి లోతు దాటి పోతుంది. కింద గట్టి పొర తగిలితే పక్కకు తిరుగుతుంది, అలాంటి మొక్క గాలికి పడిపోతుంది. మట్టి వేడి 10 డిగ్రీలకు తగ్గకూడదు. సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30. లోతు నాలుగు సెంటీమీటర్లు, అంటే వేలు రెండో గీత దాకా. పాదుకు రెండు గింజలు. చారల రకమైతే మొక్కల మధ్య 45 ఇవ్వండి, గింజ లావుగా వస్తుంది.

పది పదిహేను రోజులకు పాదులో బలమైన మొక్కను ఉంచి రెండోది పీకేయాలి. చెయ్యి రాదు, నాకు తెలుసు. నేను రెండో ఏడాది కూడా "పాపం, బతకనీ" అని వదిలేశాను. రెండూ పిడికిలంత పూలే పూశాయి. పీకేటప్పుడు పక్కది కదులుతుందనిపిస్తే కత్తెరతో కత్తిరించేయండి.

ఎకరాకు 60, 30 లెక్కన 22 వేల మొక్కలు పడతాయి, రెండు రెండున్నర కిలోల విత్తనం చాలు. మొదటి నలభై రోజులు కలుపు లేకుండా చూడాలి, తర్వాత ఆకుల నీడే కలుపును అణిచేస్తుంది. మొక్క మోకాలి ఎత్తుకు వచ్చినప్పుడు మొదట్లోకి మట్టి ఎగదోయండి, రేపు ఆ తల బరువు మోయాల్సింది ఆ కాడే. నత్రజని ఎక్కువ వేస్తే ఏపుగా పెరిగి వాలిపోతుంది. మాగిన పశువుల ఎరువు వేసిన నేలకు నేను వేరే ఏమీ వేయను. వేసిన చోటే మళ్లీ మూడేళ్లు వేయవద్దు. తెగుళ్లు మట్టిలో, ఎండు మోళ్లలో దాగి ఉంటాయి.

అసలు పొద్దు తిరుగుతుందా?

పేరు పెట్టినవాళ్లు మొగ్గను చూసి పెట్టి ఉంటారు. ఎదిగే మొక్క పొద్దున తూర్పుకూ సాయంత్రం పడమటికీ తిరిగి, రాత్రి మళ్లీ తూర్పుకు వచ్చేస్తుంది. కాడ ఒక పక్క పగలు, రెండో పక్క రాత్రి ఎక్కువ సాగడం వల్ల ఇలా జరుగుతుంది. పువ్వు పూర్తిగా విచ్చుకునేసరికి ఎదుగుదల ఆగుతుంది, ఇక తూర్పు ముఖంగా నిలిచిపోతుంది. 2016లో అమెరికా శాస్త్రవేత్తలు కుండీల్లోని పూలను పడమటికి తిప్పి పెట్టి చూశారు. తూర్పు ముఖం పూలు పొద్దున్నే వేడెక్కి, పడమటి ముఖం వాటికన్నా అయిదు రెట్లు ఎక్కువ తేనెటీగలను పిలిచాయి. తేనెటీగలు వచ్చే ఆ పొద్దుటి పూటే మన పని కూడా.

పువ్వు విచ్చుకునే పది రోజులు

భూతద్దం ఉంటే తీసుకెళ్లండి, లేకపోయినా కళ్లు చాలు. ఒక పువ్వు అంటే ఒక పువ్వు కాదు, వెయ్యికి పైగా పూల గుంపు. చుట్టూ ఉన్న పసుపు రేకులు కూడా ఒక్కోటీ ఒక పువ్వే. అవి గొడ్డువి, వాటి పని పిలవడమే. గింజ పట్టేవి మధ్యలోని చిన్న గొట్టాల్లాంటి పూలు. వాటి వరసలు సుడులు తిరిగి ఉంటాయి. ఒకవైపు సుడులు లెక్కపెడితే చాలాసార్లు 34, రెండోవైపు 55 వస్తాయి. ఒక పూట పని మానేసి నేను లెక్కపెట్టాను.

ఈ చిన్న పూలు అంచు నుంచి లోపలికి, రోజుకు రెండు మూడు వరసల చొప్పున విచ్చుకుంటాయి. ఒక్కదాన్ని పట్టుకుని చూస్తే మొదటి రోజు పొద్దున ముదురు గోధుమరంగు గొట్టం పైకి వస్తుంది, దాని కొసన పసుపు పుప్పొడి పేరుకుని ఉంటుంది. వేలు ఆనిస్తే పిండిలా అంటుకుంటుంది. మర్నాడు అదే గొట్టంలోంచి కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే భాగం, బయటికి వచ్చి, రెండుగా చీలి, పొట్టేలు కొమ్ముల్లా వెనక్కి చుట్టుకుంటుంది. అంటే నిన్న మగది, ఇవాళ ఆడది. ఆడదయ్యే వేళకు పుప్పొడి మరో పువ్వు నుంచో, పక్క మొక్క నుంచో రావాలి. రాకపోతే ఆ గింజ తాలే. నడిమధ్య పూలు ఆఖరున విచ్చుకుంటాయి. అప్పటికి రేకులు వాడిపోయి, మనకు పువ్వు మీద మోజు తీరి, అటువైపు వెళ్లడం మానేస్తాం. మధ్యలో తాలు మిగలడానికి సగం కారణం ఇదే.

తేనెటీగలు బాగా తిరిగితే మీరు ఏమీ చేయనక్కర్లేదు. పొద్దున పది గంటలప్పుడు ఒక పువ్వు ముందు అయిదు నిమిషాలు నిలబడండి. ఒక్క ఈగ కూడా వాలకపోతే చేత్తో చేయాలి. మెత్తటి నూలుగుడ్డను అరచేతికి చుట్టుకుని, మంచు ఆరాక, తొమ్మిదికీ పదకొండుకూ మధ్య, ఒక పువ్వు ముఖం మీద నిమిరి, అదే గుడ్డతో పక్క మొక్క పువ్వు మీద నిమరాలి. చంటిబిడ్డ తల నిమిరినంత తేలిగ్గా. రుద్దితే కీలాగ్రాలు విరిగిపోతాయి. గుడ్డ ఉతకవద్దు, దాని మీదున్న పుప్పొడే మన పెట్టుబడి. రేకులు విచ్చుకున్న రోజు నుంచి రోజు విడిచి రోజు, నడిమధ్య విచ్చుకునేదాకా చేయాలి. ఒక్కసారి చేసి వదిలేసి, అంచు మాత్రమే నిండిన పువ్వు చూసి నిరాశపడ్డ ఏడాది కూడా నా ఖాతాలో ఉంది.

ఎకరం, ఆపైన వేసేవాళ్లు ఎకరాకు రెండు తేనెపెట్టెలు పెట్టుకోవడం తేలిక. ఎవరు ఎంత వేసినా సరే, పూత మీద పురుగుమందు కొట్టవద్దు.

పుప్పొడి అందినా తాలు వస్తోందంటే నేలలో బోరాన్ అనే పోషకం తక్కువై ఉండొచ్చు. లేత ఆకులు మందంగా ముడతపడటం, పువ్వు వంకరగా రావడం దాని గుర్తులు. రేకులు విచ్చుకునే దశలో లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ చొప్పున కలిపి పూల మీద పిచికారీ చేస్తారు. ముందు కొద్ది వేడినీళ్లలో కరిగించాలి, లేకపోతే అడుగున ఇసుకలా మిగులుతుంది. గ్రాములు తూచే వేయండి. మోతాదు మించితే ఆకు అంచులు మాడతాయి.

ఇక నీళ్లు. మొగ్గ తొడిగినప్పుడు, పూసినప్పుడు, గింజ పాలు పోసుకునేటప్పుడు, ఈ మూడుసార్లు తడి తప్పకూడదు. మిగతా రోజుల్లో కాస్త ఎండినా లోతు వేరు కాపాడుతుంది. నీళ్లు మొదట్లోనే పారాలి, పువ్వు మీద చిమ్మితే పుప్పొడి పాడవుతుంది, తల కుళ్లుతుంది.

పిట్టలు, కోత

గింజ పాలు పోసుకోగానే చిలకలకు కబురు అందుతుంది. తల మీద వాలి, కిందికి వంగి, ఒక్కో గింజ లాగి పప్పు తిని పొట్టు మన ముందే ఉమ్ముతాయి. మెరిసే రిబ్బన్లు కట్టాను, నాలుగు రోజులు భయపడ్డాయి, అయిదో రోజు దాని మీదే కూర్చున్నాయి. తక్కువ మొక్కలైతే పలచటి గుడ్డసంచి తొడగడమే మార్గం. రేకులు వాడి నడిమధ్య పూలు కూడా ముడుచుకున్నాకే తొడగాలి, ముందే తొడిగితే తేనెటీగలను మనమే ఆపినట్టు. ప్లాస్టిక్ సంచి వద్దు, లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

కోతకు గుర్తు పువ్వు ముఖం మీద ఉండదు, వీపు మీద ఉంటుంది. వెనకభాగం ఆకుపచ్చ నుంచి నిమ్మపండు రంగుకు తిరిగి, చుట్టూ ఉన్న పచ్చ రక్షక పత్రాలు గోధుమరంగుకు మారితే గింజ ముదిరినట్టే. ఇంకా ముందే కోస్తే పప్పు ముడుచుకుపోతుంది. ఆలస్యం చేస్తే పిట్టలకూ గాలికీ పోతుంది. మూరెడు కాడ ఉంచి కోసి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. మూడో ఏడాది వాన వస్తుందని హడావిడిగా కోసి గదిలో కుప్ప పోశాను. నాలుగో రోజు చెయ్యి పెడితే కుప్ప వేడిగా ఉంది, విడదీస్తే ముఖాల నిండా బూడిదరంగు బూజు. మొత్తం పారేశాను. బూజు పట్టిన గింజ పశువులకు కూడా పెట్టకూడదు.

పది పన్నెండు రోజులకు వేలితో తోస్తే గింజలు వాటంతట అవే రాలతాయి. రెండు పువ్వుల ముఖాలు ఒకదానికొకటి రాస్తే ఇంకా తొందరగా అవుతుంది. చెరిగి తాలు పోగొట్టి, తేమ 9, 10 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. కొలిచే పరికరం లేకపోతే మా అత్తగారి పద్ధతి ఉంది. కొరికితే తొడుగు టప్పున పగలాలి, నలిగితే ఇంకా రెండెండలు కావాలి.

ఎంత వస్తుంది? నిండిన మామూలు పువ్వుకు 40 నుంచి 60 గ్రాములు. వంద చదరపు మీటర్లలో అయిదువందల యాభై మొక్కలు పడతాయి కాబట్టి అన్నీ సవ్యంగా సాగితే ఇరవై కిలోలు అందుకోవచ్చు.

తినడం

పొట్టు తీయడం విసుగు పని. చారల గింజలను మిక్సీలో ఒక్కో క్షణం చొప్పున రెండుసార్లు తిప్పి ఆపేయండి. తొడుగు పగులుతుంది, పప్పు ముక్కలవదు. తర్వాత గిన్నెడు నీళ్లలో వేసి కలిపితే పొట్టు తేలుతుంది, పప్పు మునుగుతుంది. వెంటనే వడగట్టి బట్ట మీద ఆరబెట్టాలి. పొట్టుతోనే తినాలంటే రాత్రి ఉప్పునీళ్లలో నానబెట్టి, పొద్దున ఆరబెట్టి, సన్నటి మంట మీద వేయించండి.

వేయించిన పప్పును ఓపిగ్గా మిక్సీ పట్టాలి. మొదట పొడి, తర్వాత గోడలకు అంటుకునే ముద్ద, చూస్తుండగానే నూనె వదిలి జారుగా వస్తుంది. పది నిమిషాలు పడుతుంది, మధ్యమధ్యలో మిక్సీకి విశ్రాంతి ఇవ్వండి. మధ్యలో కంగారుపడి నీళ్లు పోశారా, గట్టి పిండిలా అయి కూర్చుంటుంది.

ఈ ముద్దతో బిస్కెట్లు చేసిన రోజు నేను బెదిరిపోయాను. బయటికి బాగానే ఉన్నాయి. చల్లారాక విరిస్తే లోపల పచ్చిగడ్డి రంగు. బూజనుకుని చెత్తబుట్టలో వేశాను. తర్వాత తెలిసింది, పప్పులో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం వంటసోడా తగిలితే పచ్చబడుతుందని. ప్రమాదమేమీ లేదు. సోడా తగ్గించి కొద్దిగా నిమ్మరసం పిండితే రంగు రాదు.

వంద గ్రాముల పప్పులో 580 కేలరీల పైచిలుకు, మాంసకృత్తులు 20 గ్రాములు, కొవ్వు 50 గ్రాములు ఉంటాయి. విటమిన్ ఇ దాదాపు 35 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు రోజుకు కావలసినదానికి రెట్టింపు. కాబట్టి ఒక గుప్పెడు చాలు. దీని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, కందో పెసరో ఏదో ఒక పప్పుధాన్యంతో కలిపి తింటే ఆ లోటు పూడుతుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన నేలలో వేసిన గింజ తినవద్దు. ఈ మొక్క మట్టిలోని కాడ్మియం అనే విష లోహాన్ని లాగి గింజలో కూడా దాచుకుంటుంది.

నూనె విషయానికి వస్తే, అయిదు కిలోల నల్ల గింజ ఆడిస్తే నాకు లీటరున్నర దిగింది. వారం కదపకుండా ఉంచి పైతేట వంపుకోవాలి. చల్లటి రోజున సీసాలో మబ్బులా తెలుపు కనిపిస్తే చెడిపోయిందనుకోకండి, అది పొట్టులోంచి వచ్చిన మైనం. వేడికి కరిగిపోతుంది. శుద్ధి చేయని నూనె త్వరగా పొగ వస్తుంది, కాగే నూనెలో వేపుళ్లకు వాడవద్దు. వెలుతురు తగలని చోట పెట్టి రెండు మూడు నెలల్లో వాడేయండి.

ఈ మొక్క పుట్టింది ఉత్తర అమెరికాలో. అక్కడివాళ్లు నాలుగు వేల ఏళ్ల కిందటే దీన్ని సాగుచేశారు. నూనె పంటగా మారింది మాత్రం రష్యాలో. గింజలో మూడో వంతు కూడా లేని నూనెను పుస్తోవోయిట్ అనే ఆయన దశాబ్దాల తరబడి ఎంపిక చేసుకుంటూ పోయి 50 శాతానికి చేర్చాడు. నేను అయిదు కిలోలకు లీటరున్నర తెచ్చుకున్నానంటే ఆయన చలవే.

మందు పట్టించని గింజ ఉంటే మొలకలు కూడా పెంచుకోవచ్చు. ఎనిమిది గంటలు నానబెట్టి, పళ్లెంలో తడి మట్టి మీద దగ్గర దగ్గరగా పరిచి, మీద ఇంకో పళ్లెం బోర్లించి బరువు పెట్టండి. మూడు రోజులకు మొలకలు బరువును ఎత్తుతాయి. తీసి వెలుతురులో పెడితే పదో రోజుకల్లా కోతకు వస్తాయి. జత ఆకుల మధ్యలోంచి అసలు ఆకు తొంగిచూడకముందే కోయాలి, తర్వాత చేదెక్కుతుంది. తలల మీద టోపీల్లా మిగిలిన తొడుగులను తడిపి అరచేత్తో నిమిరితే ఊడతాయి. లేత మొగ్గలు ఉడికించి తినొచ్చంటే అదీ చూశాను. రెండు నీళ్లు మార్చినా చేదు పోలేదు, ఒక పువ్వు మాత్రం పోయింది.

మిగిలిన పొట్టును మొక్కల మొదట్లో వేయకండి. మా కొత్తిమీర మడిలో పరిచాను, ఒక్క విత్తనం మొలవలేదు. పొట్టులోనూ ఆకులోనూ ఉండే రసాయనాలు ఇతర మొలకలను అణిచేస్తాయి. విడిగా గుంతలో వేసి ఏడాది మాగనిచ్చాకే వాడుతున్నాను. కాడలను మాత్రం ఎండబెట్టి చిక్కుడు తీగకు ఊతంగా పాతాను. రెండు కాపులు వచ్చేదాకా విరగలేదు.